బదులు దొరికేదాకా

తిజ్రా ఊరి సంత మైదానంలో, అందరి కళ్ళ ముందే, పాటలు కట్టే ముసలి హమ్మూ డప్పును పోలీసులు కత్తితో చీల్చారు.

మర్నాడు ఉత్సవం. దాని కాంట్రాక్టు బుఅజ్జా హాజీది. ఊరి ఊటకు తూము బిగించి, నీళ్ళన్నీ తన ఆపిల్ తోటకు మళ్ళించుకున్నదీ ఆయనే. ఉత్సవంలో వరసకట్టి పాడుతూ ఆడే ఆట సాధనలో హమ్మూ ఆ ఊట మీద ఒక చరణం విసిరాడు. అంతే, తాలూకా ఏలే కాయిద్ హుకుంతో ఆయన్ని ఠాణాకు ఈడ్చుకుపోయారు.

తివాచీలు నేసే తూదాకు ఒళ్ళు మండిపోయింది. ఆటలో హమ్మూ భుజం పక్క చోటు ఆమెది.

సాయంత్రం ఆమె మగ్గం గదిలో జనం కిక్కిరిశారు.

"రేపు ఎవ్వరం ఆడొద్దు" అన్నాడు గొర్రెల కాపరి ఉఅస్సూ.

"ఆడకుంటే హాజీకేం బాధ? పట్నం నుంచి కిరాయోళ్ళను తెచ్చి, మన బట్టలు తొడిగి ఎగిరిపిస్తడు" అంది తూదా.

"ఆడితే? ఊట పేరెత్తినోళ్ళను బొక్కలేస్తనని కాయిద్ చెప్పలే? నీకు భయమైతలేదా అక్కా?"

"ఎందుకు గాదు? అయితుంది. కానీ బిందె పట్టుకొని వాని గేటు కాడ అడుక్కునుడు ఇంకెన్నాళ్ళురా?"



మర్నాడు మధ్యాహ్నం షామియానా కింద దొరలంతా పుదీనా టీ తాగుతున్నారు. కాయిద్ ముందు కుర్చీలో ఉన్నాడు. డప్పులు మంట సెగకు బిగిశాయి. ఆడా మగా భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు.

"దొరలను పొగిడేది ఎత్తుండ్రి!" అని హాజీ అరిచాడు.

తూదా చరణం విసిరింది:

"తోట తాగి బలిసెనయ్యో, తూము నీదా హాజీ?
బిడ్డ పెదవి పగిలెనయ్యో, ఊట నీదా హాజీ?"

ఎవరూ అందుకోలేదు. తూదా మళ్ళీ విసిరింది. అప్పుడు లేచింది ఉఅస్సూ గొంతు. ఆ వెనకే వరసంతా లేచింది.

"ఆపుండ్రి! ఎవరు మొదలుపెట్టిండ్రు?" కాయిద్ కుర్చీ తన్ని లేచాడు.

వరసంతా పాడుతూనే ఉంది. ఒకరు విసిరిన చరణానికి ఇంకొకరు బదులు కట్టేదాకా ఆపకూడదన్నది వాళ్ళ ఆట కట్టుబాటు. పాట కట్టేవాణ్ణి లోపలేస్తే పాట నోరు మూసుకుంటుందనుకున్న ఆ మూర్ఖులకు ఇదెక్కడ తెలుసు!

"బదులు రానియ్యి సారూ, ఆపుతం. నువ్వు చెప్తవా?" అంది తూదా.

జనం గొల్లుమన్నారు. లాఠీలు లేచాయి. ఉఅస్సూ నుదురు చిట్లింది. ఒక పోలీసు తూదా రెక్క పట్టి గుంజాడు. అటు ఇటు భుజాలు ఆమెను వదల్లేదు.

"బదులు చెప్పేటోణ్ణి నువ్వే లోపలేసినవు" అని అరిచింది తూదా. "నడువుండ్రి, ఆయన్నే అడుగుదం!"

వరస తెగకుండా కదిలింది. చూడవచ్చిన జనం వెనక నడిచారు. ఠాణా గోడల కింద నిలబడి మళ్ళీ మళ్ళీ అదే అడిగారు. లోపలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏం చేశారో ముసలాయన్ని! తూదా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. పాట మాత్రం ఆపలేదు.

పొద్దు గుంకే వేళకు కిటికీ ఊచల్లోంచి హమ్మూ బొంగురు గొంతు వచ్చింది:

"మూసినోడు ఒక్కడమ్మో, చేతులెన్ని మీకు?
నన్ను చూస్తు నిలుచుడేంది, పొద్దు గుంకె మీకు!"

బదులు దొరికింది. పాట ఆగింది.

తూదా కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆపిల్ తోట దారి పట్టింది. వరస ఆమెతోపాటే తిరిగింది. తూము పగలగొట్టే గడ్డపారల కోసం కొందరు ఇళ్ళకు పరుగెత్తారు.