అరగదీసిన అంకె

నాకు నోరెక్కువని లైన్లలో అందరూ అంటారు. ఉంటే ఉందిలే! ముప్పై ఏళ్లు తెల్లారకముందే లేచి రబ్బరు చెట్ల బెరడు గీసి, చిప్పల్లో పాలు పట్టినదాన్ని. చెట్లు ఎలాగూ మాట్లాడవు, మేస్త్రీ మాట్లాడనివ్వడు. ఇంటికొచ్చాకైనా నోరు తెరవకపోతే ఎలా? అలాంటి నా నోరు ఆ సోమవారం ఆఫీసులో గుమస్తా ముందు పనికిరాకుండా పోయింది. అందుకు ఎవరినీ అనడానికి లేదు. చేసింది నేనే.

సంగతేమిటంటే, తోట చేతులు మారింది. మా లైన్లను, అంటే పదేసి గదుల రేకుల వరసలను, కూలగొడతామని కొత్త కంపెనీ చెప్పింది. తెల్లదొరల కాలంలో ఓడల్లో తెచ్చిన కూలీల సంతానమని తేలినవాళ్లకు ఈ దేశంలో ఉండే హక్కూ, కొత్తగా ఒక గదీ ఇస్తారట. తేలనివాళ్లు వలస కూలీల కిందే లెక్క. పని అయిపోగానే పంపేస్తారు. ఎక్కడికయ్యా పంపేది? నేను పుట్టిందీ, మా నాన్న పుట్టిందీ ఈ గదిలోనే. ఇప్పుడు ఇందులో ఉన్నది మేమిద్దరమే.

రుజువేమిటంటే బిళ్ళ. ఆ రోజుల్లో దొర ప్రతి కూలీ మెడలో నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ వేయించాడు. ఆ నంబరు పాత రిజిస్టరులో కనిపిస్తే చాలు. మా ముత్తాత బిళ్ళ మా దగ్గరే ఉంది. దొరలు పోయాక దాంతో పనిలేకపోయినా, పెద్దల గుర్తని తాత వేసుకున్నాడు, తర్వాత నాన్న వేసుకున్నాడు. అద్దంలా నున్నగా ఉంటుంది. ఉండదూ మరి! నా పదో ఏట దాని మీది అంకెలన్నీ ఆకురాయితో గీకి పారేసింది నేనే.

బడిలో ఈ నేలవాళ్ల పిల్లలు మాకంటే ఒక్క పిసరు చాయ ఎక్కువ, అంతే. ఆ పిసరుకే ఎంత పొగరో! "నల్ల నంబరూ, మీ అయ్య మెడలో గొడ్డుకి కట్టినట్టు బిళ్ళ కట్టారటగా" అని జడ పట్టుకుని లాగేవాళ్లు. ఒకరోజు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. నాన్న స్నానానికి వెళ్తూ బిళ్ళను మేకుకు తగిలించాడు. ఆయన తిరిగొచ్చేసరికి దాన్ని చదును చేసేశాను. పీడ విరగడైందనుకున్నాను. నాన్న దాన్ని బొటనవేలితో తడిమి చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. మళ్లీ మెడలో వేసుకున్నాడు.

గుమస్తా మా లైన్లలో పుట్టి, చదువుకుని పైకొచ్చినవాడే. ఆ సోమవారం మా బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నంబరేదత్తా?"

"అరిగిపోయింది నాయనా. మా ముత్తాత పేరుంటుందిగా, చూడు."

రిజిస్టరులో వేలు పెట్టి కిందిదాకా వెతికాడు. "ఈ పేరుతో ఒక్క ఓడలోనే ఏడుగురున్నారు. దొరకి నోరు తిరక్క, పలకలేని పేర్లన్నిటికీ ఇదే రాసిపడేశాడు. ఊరి పేరు అసలు రాయనేలేదు."

నాన్నకు అక్షరం ముక్క రాదు. నలభై ఏళ్లు మెడలో వేసుకు తిరిగినా ఆ నంబరెంతో ఆయనకు తెలియదు. ఇంట్లో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాను.

"మొదటి అంకె రెండు. చివరిది నాలుగు."

"అలాంటివి మూడున్నాయత్తా."

"ఏదో ఒకటి రాసెయ్యరా! నీ సొమ్మేం పోయింది?"

"తప్పు రాస్తే ఇంకొకళ్ల గది పోతుంది. వాళ్లూ మనవాళ్లేగా" అన్నాడు తలెత్తకుండా.

నా పక్కన కూర్చున్న నాన్న కర్ర ఊతంగా లేచాడు. "అది గీకింది నేనే బాబూ. గుచ్చుకుంటోందని గీకేశాను. మా పిల్లనేం అనకు."

ఎవరు గీకితేనేం, గుమస్తా మా కాగితాన్ని వలస కూలీల దొంతరలో పెట్టాడు. బయట బల్ల మీద కూర్చోగానే నాన్న మీద విరుచుకుపడ్డాను. "చేసింది నేనైతే నువ్వెందుకు మీదేసుకోవడం?"

"ఆ రోజు నిన్నెందుకు కొట్టలేదనుకున్నావే? నాకూ దాన్ని గీకేయాలనే ఉండేది. ధైర్యం చాల్లేదు."

నాలుగు తగిలించి ఉంటే బాగుండేది. నంబరు గుర్తుండగానే ఎక్కడన్నా రాసి పెట్టు అని ఒక్క మాట అన్నా బాగుండేది. ఏడుపు ఆగలేదు నాకు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మమ్మల్ని కార్డుల కోసం వలస కూలీల వరసలో నిలబడమన్నారు. అందులో మా పక్క గదిలో ఆర్నెల్ల కిందట దిగిన మనిషి ఉన్నాడు. "నిన్నగాక మొన్నొచ్చినవాడివి, వెనక్కి పో" అంటూ రోజూ కొళాయి దగ్గర నేను తరిమినవాడే. నాలుగు తరాలదాన్నని మిడిసిపడ్డాను. నల్లోడా అని కూడా తిట్టాను, నేనేదో పాలలో ముంచి తీసినట్టు. ఆ మనిషి నాన్నను చూసి పక్కకు జరిగి, మమ్మల్ని తన ముందు నిలబెట్టుకున్నాడు. "రా అక్కా" అన్నాడు. మా భాషలో అతనికి వచ్చిన ముక్క అదొక్కటే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇద్దరికీ చెరొక ప్లాస్టిక్ కార్డు తాడుకు కట్టి మెడలో వేశారు. ఫొటో కింద నంబరు ఉబ్బెత్తుగా ఉంది. నాన్న దాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఎంతే అది?"

"ఏడు, సున్నా, మూడు, ఒకటి, ఎనిమిది."

"మళ్లీ చెప్పు."

చెప్పాను. దారి పొడుగునా కర్ర తాటించుకుంటూ దాన్నే వల్లించాడు. ఒకచోట సున్నా మరిచిపోతే అందించాను. గది గడపలో కూర్చున్నాక, తడబడకుండా మొత్తం అప్పజెప్పి నా వంక చూశాడు. "ఈసారి పోనివ్వనమ్మా. బిళ్ళ పోయినా నోట్లో ఉంటుంది."

"ఉంటుంది నాన్నా" అన్నాను.

నంబరు కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వరస ఉంది. కార్డు ఆర్నెల్ల వరకే చెల్లుతుందట. అది మాత్రం ఆయనకు చదివి వినిపించలేదు.