పాడె దిగి నవ్వాలె

ముత్తవ్వ ఒప్పుకున్నదంటే ఊరు నమ్మలేదు. మొగుణ్ణి పక్కింటి అరుగు మీద గడియసేపు కూర్చోనివ్వని మనిషి. అట్లాంటిది ఆయనను పాడె మీద పండబెట్టి సినిమా తీస్తామంటే ఎట్లా సరేనందని ఆమెతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. ఒప్పుకుంది, కానీ ఊరికే ఒప్పుకోలేదు. ముత్తవ్వ ఊరికే ఒప్పుకునే రకమైతే ఇంత కథ ఎందుకవుతుంది?

అడగడానికి వచ్చినవాడు రాజారాం. బోధన్ బస్టాండు ఎదురుగా ఫొటోల దుకాణం వాడిది. పెండ్లిళ్లకు, బడి పిల్లల గ్రూపులకు ఫొటోలు తీసి బతుకుతున్నవాడు బతక్క, హైదరాబాదులో ఎవరో దోస్తు దగ్గర చావి తిప్పితే నడిచే చిన్న సినిమా కెమెరా అడుక్కొచ్చాడు. రీళ్లు మాత్రం రెండే దొరికాయి. మాటల్లేవు, పాటల్లేవు, పాత్రధారులకు ఇవ్వడానికి చాయ్ తప్ప మరేమీ లేదు. ముత్తవ్వ మొగుడు కొమురయ్య వాడి తండ్రికి పాత దోస్తు. ఆ వరసన కొమురయ్యను కాకా అనీ, ముత్తవ్వను చిన్నవ్వా అనీ పిలుస్తాడు.

"ముసలోడు ఏండ్ల సంది ఒక్క తొవ్వల్నే ఫ్యాక్టరీకి చెరుకు బండి కొడ్తుంటడు చిన్నవ్వా. ఒకనాడు పొద్దుగాల లేవడు. లోపట ఆయిన్ని పాడె మీద పండవెడ్తుంటరు. బయట బండికి కట్టి ఉన్న ఎడ్లు ఎప్పటి లెక్కనే గుంజుకొని కాటా దాంక పోతయి. గంతే కథ."

ముత్తవ్వ ఒళ్లో చాట, చాటలో తునికాకు. చేతులు ఆగలేదు.

"ఎడ్లకు తెల్వదా, కొట్టెటోడు లేడని?"

"తెల్వదు. గదే కథ."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఎడ్లు తమవే, బండి తమదే, తొవ్వ తమదే. కొమురయ్య గోడకు ఆనుకొని, పెండ్లిచూపుల్లో పిల్ల లెక్క తల వంచుకొని కూర్చున్నాడు. ఆయనకు సినిమాలో పడాలని మనసు నిండా ఉంది. పెండ్లాం మొహం చూస్తే మాత్రం నోరు పెగలడం లేదు.

ముత్తవ్వకు భయం ఎందుకో చెప్పాలంటే మాక్లూర్ పోవాలి. అది ఆమె పుట్టిల్లు. తండ్రి బాలనర్సయ్య ఆ ఊరి యక్షగానంలో వేషం కట్టేవాడు. చచ్చే వేషం ఎప్పుడూ ఆయనదే. ఆయన పడిపోతే ఆడవాళ్లు నిజంగానే కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు. అయితే వాళ్ల మేళంలో ఒక కట్టుబాటు ఉండేది. ఆటలో చచ్చినవాడు ఆట అయిపోగానే లేచి, జనం ముందు నిలబడి, అందరికీ కనబడేటట్టు నవ్వాలి. అప్పటిదాకా ఎవరూ లేవకూడదు. చావు ఎంతమంది కండ్లలో పడిందో, నవ్వు కూడా అన్ని కండ్లలో పడితేనే లెక్క సరి.

ఒక ఏడాది బాలనర్సయ్య పడిపోయిన కాసేపటికే వాన ముంచుకొచ్చింది. జనం గోనె సంచులు నెత్తిన వేసుకొని ఎటువాళ్లు అటు ఉరికారు. ఆయన లేచి చూసేసరికి ఎదురుగా నవ్వడానికి మనిషి లేడు. ఆ ఏడు వరికోతలకు ఆయన లేడు. జ్వరమని అందరూ అన్నారు. జ్వరమే కావచ్చు. ముత్తవ్వ మాత్రం ఆ రాత్రి ఉరికిన జనాన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఉరికినవాళ్లలో, తల్లి చంకనెక్కి, తనూ ఉంది.

అందుకే రాజారాంకు షరతు పెట్టింది.

"పాడె మీద పండవెట్టు, నేనేమనను. దిగినంక ఈయిన నవ్వాలె. గది గూడ నీ సినిమాల రావాలె. చచ్చింది ఎందరు సూస్తరో, నవ్వింది గూడ గందరు సూడాలె."

రాజారాం తల గోక్కున్నాడు. "చావు తోని కథ ఒడుస్తది చిన్నవ్వా. గప్పుడు కాక లేసి ఇకిలిస్తే సూసెటోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్. నవ్వెతందుకు పైసలడుగుతర?"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మరి ముత్తవ్వ మొండితనానికి ఫొటోల రాజారాం ఎంత? సరేనన్నాడు.

సినిమా వారం పది దినాలు పట్టింది. ఎడ్లను ఒంటరిగా నడిపించడానికి కొమురయ్య చెరుకు మోపుల వెనక దాక్కొని నాలుక చప్పుడు చేస్తూ పోయాడు. ఊరంతా ఏదో ఒక సాయం పట్టింది. ఆఖరున పాడె. దాన్ని కట్టినవాడు వాడకట్టులో నిజం పాడెలు కట్టే లింబయ్య. వాడికి అబద్ధం పాడె ఎట్లా కట్టాలో తెలియక నిజం పాడెనే కట్టాడు. ముత్తవ్వ అటు వీపు పెట్టి కూర్చుంది. ఒళ్లో చాట ఉందన్న మాటే గానీ ఒక్క బీడీ పూర్తికాలేదు. వెనక కెమెరా కిర్రుమంటున్నంతసేపూ ఆ చప్పుడు తన వెన్నులోనే తిరుగుతున్నట్టనిపించింది.

"అయిపోయింది, లే కాకా" అన్నాడు రాజారాం.

కాక లేవలేదు.  ముత్తవ్వ చాట కింద పడేసి ఉరికి చూస్తే కొమురయ్య ముక్కులోంచి సన్నగా గురక. రాత్రంతా బండి తోలి వచ్చిన మనిషి, మెత్తటి గడ్డి దొరికేసరికి నిద్రపోయాడు.

"ఏం మనిషివయ్యా! పాడె మీద గూడ గురకనేనా! నిజంగ పోయినప్పుడన్న సప్పుడు చెయ్యకుండ పో!" అని ఆమె అరిచేసరికి ఆయన ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, సంగతి తెలిసి పడీపడీ నవ్వాడు. రాజారాం కెమెరాకు మళ్లీ చావి ఇచ్చాడు. అది కిర్రుమంది. ముత్తవ్వ చెవులారా విన్నది. ఆ రాత్రి ఆమె చాలా దినాలకు నిమ్మళంగా నిద్రపోయింది.

సినిమా రీళ్లు ఎక్కడికో పోయి కడిగించుకొని వచ్చేసరికి చెరుకు సీజను నడిమిట్లకు వచ్చింది. మొదటిసారి ఎక్కడ చూపించాలన్నదానికి వెతుక్కోవలసిన పనిలేదు. ఫ్యాక్టరీ ముందు చెరుకు తూచే కాటా కోసం బండ్లు బారులు తీరి ఉంటాయి. బండ్లవాళ్లు అక్కడే వండుకొని, అక్కడే తిని, తమ వంతు పిలిచేదాకా అక్కడే కాలం గడుపుతారు. ఇంతకన్నా మంచి సభ ఎవరికి దొరుకుతుంది? ఖాళీ బండ్లు రెండు నొగలు పైకెత్తి నిలబెట్టి, వాటి మధ్య తెల్ల దుప్పటి కట్టారు. నిజామాబాద్ నుంచి కిరాయికి తెచ్చిన ప్రొజెక్టరును రాజారాం ఒక పీపా మీద పెట్టాడు. పొద్దుగూకింది. గాలి నిండా బెల్లప్పాకం వాసన.

ముత్తవ్వ ముందు వరసలోనే కూర్చుంది, పక్కన కొత్త రుమాలు చుట్టుకొని కొమురయ్య.

వెలుగు పడింది. దుప్పటి మీద తమ ఎడ్లు! మైలది తోక ఆడిస్తోంది, చుక్కది తల విదిలిస్తోంది. బండ్లవాళ్లు ఒక్కసారిగా "హై, హై" అని అదిలించారు. బండి కదిలింది. కొట్టేవాడు లేని బండి వంతెన దాటింది, మలుపు తిరిగింది, ఎదురొచ్చిన బస్సుకు పక్కకు తప్పుకుంది. అదిలింపులు మెల్లగా ఆగిపోయాయి. జనంలో ప్రతి ఒక్కడూ ఆ ఖాళీ నొగల మీద తననే చూసుకుంటున్నాడు. ఎవరో ముసలాయన "అరెరె, అరెరె" అంటూనే ఉన్నాడు. రాజారాం పిచ్చోడేమీ కాదని ముత్తవ్వకు అప్పుడు తెలిసింది. బతికినంత కాలం తాను చేసిన చాకిరీ తాను లేకున్నా సాగిపోతుందన్న సంగతి ఇంత మెత్తగా ఎవరూ ఆమెకు చెప్పలేదు. కండ్లు తుడుచుకుంది.

అప్పుడు పాడె వచ్చింది. పాడె మీద కొమురయ్య. పక్కన కూర్చున్న మొగుడి చెయ్యి పట్టుకొని చూసింది. ఇప్పుడు లేస్తాడు. ఇప్పుడు నవ్వుతాడు.

దుప్పటి తెల్లగా అయిపోయింది.

 జనంలో ఒకడు దగ్గాడు, ఒకడు లేచి ధోవతి దులుపుకున్నాడు. వెనక వరస కదిలింది. ముత్తవ్వకు మాక్లూర్ వాన చప్పుడు చెవుల్లో మోగింది.

"కూసోండ్రి!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఎవ్వలు లేవొద్దు! ఏదిరా రాజారాం, నవ్వుడేది?"

రాజారాం ప్రొజెక్టరు వెనక్కి జరిగాడు. "రీలు పాడె కాడనే ఒడ్సింది చిన్నవ్వా."

"కిర్రుమన్నది గద! నా చెవులతోని ఇన్న."

"రీలు లేకున్న కిర్రుమంటది. నువ్వు భయపడ్తవని... ఉత్తగ తిప్పిన."

నాలుగు తిట్లు తిట్టేదే. ముత్తవ్వ దగ్గర తిట్లకు కరువా? కానీ తిట్టడానికి సమయం లేదు, జనం లేస్తున్నారు. కొమురయ్య రెక్క పట్టి గుంజుకుపోయి దుప్పటి ముందు నిలబెట్టింది. ప్రొజెక్టరు వెలుగు ఆయన మొహం మీద పడింది.

"అయ్యలార! నా మొగడు మీ కండ్ల ముంగట చచ్చిండు. లేసి నవ్వెదాంక ఎవ్వలు పోవద్దు. మీ కాల్మొక్కుత."

సరిగ్గా అప్పుడే కాటా దగ్గర నుంచి కేక వినబడింది. వంతు ధర్పల్లి పోశన్నది. ఇందాక "అరెరె" అన్న ముసలాయన అతనే. పిలిచినప్పుడు పోకుంటే బండి మళ్లీ బారు చివరికే. ముత్తవ్వ అతని వైపు చూసింది. పోశన్న ఒకసారి కాటా వైపు, ఒకసారి తెల్ల వెలుగులో నిలబడ్డ కొమురయ్య వైపు చూసి, లేవబోయినవాడు కూలబడ్డాడు.

"కూసోండ్రిరా. ఇంత సేపు చావు సూసినం, నవ్వు సూడనీకి పానం ఒప్పుతలేదా?"

లేచినవాళ్లు కూర్చున్నారు.

ఇక కొమురయ్య నవ్వాలి. కడుపులో లేనిది కావిలించుకుంటే వస్తుందా? అంతమంది కండ్లు మీద పడేసరికి ఆయన మొహం కొయ్యబారింది. పెదవులు సాగదీశాడు, పండ్లు బయటపడ్డాయి. అది నవ్వు కాదని మాటరాని పసిబిడ్డకైనా తెలుస్తుంది.

"గట్ల గాదు! మంచిగ నవ్వు!"

"వస్తలేదే..."

"నవ్వు! నవ్వమంటున్న గద! జర నవ్వయ్యా..." అంటూ ముత్తవ్వ ఆయన రెక్క పట్టి ఊపింది. తండ్రి పోయినప్పుడు ఏడ్చే వయసు కాదు, ఆ తర్వాత ఏడ్చే తీరిక లేదు. ఇప్పుడు ఊరూ పేరూ తెలియని బండ్లవాళ్ల ముందు, మొగుడి రుమాలు పట్టుకొని, పిల్ల లెక్క వెక్కివెక్కి ఏడ్చింది.

కొమురయ్య బిత్తరపోయాడు. ఇన్నేండ్ల కాపురంలో తనను నిలబెట్టి కడిగేసిన మనిషే గానీ తన కోసం ఏడ్చిన మనిషి ఆయనకు తెలియదు.

"నన్ను నవ్వుమని నువ్వు ఏడుస్తున్నవేందే ముత్తీ!" అన్నాడు. ఆ మాట అనగానే ఆయనకు లోపలినుంచి నవ్వొచ్చింది. భుజాలు కదిలాయి, రుమాలు జారింది, కండ్లలో నీళ్లు తిరిగేటట్టు నవ్వాడు. వెనక దుప్పటి మీద ఆయన నీడ కూడా నవ్వింది. ముందు పోశన్న నవ్వాడు, ఆ తర్వాత బండ్లవాళ్లంతా. ముత్తవ్వ కొంగుతో ముక్కు తుడుచుకొని, వరసవరసనా కలియజూసింది. ఎవరూ పోలేదు. అందరూ చూశారు.

కాటా దగ్గర పోశన్న బండికి వంతు పోనే పోయింది. ఆ రాత్రి ముత్తవ్వ తెచ్చుకున్న సద్దిలో సగం అతనికే పెట్టింది.

నెల గడిచాక రాజారాం మళ్లీ గడపలో నిలబడ్డాడు. సినిమాను నిజామాబాద్‌లో, ఊరివాళ్ల మాటలో ఇందూరులో, ఎవరో చూస్తామన్నారట. ఎట్లాగో ఇంకో రీలు సంపాదించాడు.

"కాక నవ్వు తీస్క పోత. ఆఖరుకు అతికిస్త."

కథ చావుతోనే అయిపోవాలన్నవాడు! ముత్తవ్వ వాడిని ఎగాదిగా చూసింది. కొమురయ్యను వాకిట్లో నిలబెట్టారు. కాటా దగ్గరి ముచ్చట గుర్తు చేస్తే చాలు, ఆయనకు నవ్వు ఆగదు. కెమెరా కిర్రుమంది, ఆగింది. కొమురయ్య నవ్వుకుంటూనే లోపలికి పోయాడు.

"తీసిన చిన్నవ్వా."

"మొన్న గూడ గట్లనే కిర్రుమన్నది." ఆమె చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. "ఏదీ, చూపియ్యి. దాన్ల రీలు ఉన్నదో లేదో."

రాజారాం కెమెరాను రొమ్ముకు అదుముకున్నాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి చాచి అట్లాగే నిలబడింది. వాడు ఒక్క క్షణం ఆ చేతిని చూసి, పక్కన గొళ్లెం తీసి, ఎండలోనే కెమెరా మూత తెరిచాడు. లోపల చక్రానికి చుట్టుకొని రీలు ఉంది. ముత్తవ్వ వేలు పెట్టి తాకి చూసింది.

"ఉన్నది. నిజమే చెప్పినవ్. ఇగ మూసుకో."

"మూసినా ఒకటే చిన్నవ్వా. వెల్తురు తగిలితే రీలు కరాబైతది. కాక నవ్వు పోయింది."

ముత్తవ్వ వేలు గాలిలోనే ఆగిపోయింది. "మరి ఎందుకు తెరిచినవ్‌రా?"

"చూపియ్యమన్నవ్ గద. తెరవకుంటే నమ్ముదువా?"

నమ్మకపోయేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ముత్తవ్వ ఆ మూత తెరిచిన కెమెరాను, దాన్ని పట్టుకున్న చేతులను చాలాసేపు చూసింది. తిట్టడానికి వెతికితే ఒక్క తిట్టూ దొరకలేదు.

"పోనియ్ తియ్ బిడ్డా" అన్నది. "నవ్వు పోయింది గని మనిషున్నడు గద. నీ బొమ్మ యాడికి పోతే గాడికి మేమిద్దరం వస్తం. ఆయిన లేసి నవ్వుతడు." లోపలికి తిరిగి కేకేసింది. "ఓ మనిషీ! రుమాలు కట్టుకో. ఇందూరు బస్సుకు పోవాలె."