రెండో గంట

నేను ఒక కంచు చేతిగంటను. నన్ను పోతపోసినవాడు నా మోత ఊరి చివరికి వినబడాలనుకున్నాడు. ఒక బడిలో కొన్నాళ్లు మోగి, అది మూతపడ్డాక రేవుపాలెం నేత్రదాన సమితి శాఖ బల్ల మీదికి చేరాను.

పోయినవారి కళ్లను ఆరు గంటల లోపే తీయాలి. అందుకే ఊళ్లోనే శాఖ ఉండాలని పట్టుబట్టి నిలబెట్టింది కార్యదర్శి మాణిక్యాంబగారు. తీరిక దొరికితే నన్ను చింతపండుతో తోమేది. ఆమె చేతుల్లో నా వయసు నాకు గుర్తుండేది కాదు.

మూడోవంతు సభ్యులు రాకపోతే సభను అరగంట ఆపాలి. రెండో గంట కొట్టాక ఎందరుంటే వాళ్లదే తీర్మానం. అదీ నిబంధన. అందుకని మొదటి గంటకు ఎవరూ కదలరు, ఎదురుగా సూరిబాబు టీ కొట్లోనే కూర్చుంటారు.

"మొదటిది పెళ్లిచూపులండీ, రెండోదే ముహూర్తం," అంటాడు సూరిబాబు.

ఒక ఏడాది జిల్లా సంఘం పరాంకుశంగారిని మా శాఖకు అధ్యక్షుడిగా పంపింది. శాఖను జిల్లాలో కలిపేస్తే మా వ్యాను, ఐసుపెట్టె జిల్లాకు దక్కుతాయి. సర్వసభ్య సమావేశంలో అదే తీర్మానం. తన బావమరుదులిద్దరినీ ముందే సభ్యులుగా చేర్చి వెంట తెచ్చుకున్నాడు.

మొదటి గంట ఘనంగా కొట్టాడు. ఎవరూ రాలేదు. అరగంట గడిచాక జేబులోంచి రుమాలు తీసి, మెల్లగా నా నాలుకకు చుట్టాడు. నన్ను ఊపాడు. దిండు మీద గుద్దినట్టయింది.

"గంట మోగలేదండీ! వాళ్లకి వినబడలేదు," అంది మాణిక్యాంబగారు.

"నిబంధనలో కొట్టాలనే ఉందమ్మా. వినబడాలని లేదు."

మూడు చేతులు లేచాయి. ఆమె ఒక్కతే కాదంది.

రుమాలు లాగేసి, నన్ను గుమ్మంలోకి తీసుకెళ్లి ఆమె గట్టిగా మోగించింది. టీ గ్లాసులతోనే అందరూ పరుగెత్తుకొచ్చారు.

"వచ్చేశామమ్మా! ఇప్పుడేగా రెండోది?"

"ఇది మూడోదయ్యా."

ఎవరూ నవ్వలేదు. సూరిబాబు తన గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నేను జిల్లా కార్యాలయంలో అద్దాల బీరువాలో ఉన్నాను. ఇందాక ఫోను వచ్చింది.

"రేవుపాలెమా? పోయి అప్పుడే నాలుగు గంటలైందా? వ్యాను బయటికెళ్లిందండీ. రాగానే పంపుతాం," అని పెట్టేశాడు గుమాస్తా. గడియారం వైపు చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

నా నాలుకకు ఇప్పుడు రుమాలు లేదు. ఊపే చెయ్యే లేదు.