నాలుగుసార్లు లోపలికి కుట్టాను

ఆ రోజు తెల్లవారినా ఎండ రాలేదు. మబ్బు ఉంది గాని వాన మబ్బు కాదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి వేలాడుతోంది. వెలుతురు చాలక మిషను గుమ్మం దగ్గరికి జరుపుకుని, అక్క ఆఫీసు బట్టల నడుము కుట్లు విప్పుతున్నాను. ఇది నాలుగోసారి. పాత బట్టలు సరిచేయడం నా పని. వదులు చేయించుకునేవాళ్ళు తలవంచుకుని వస్తారు, బిగుతు చేయించుకునేవాళ్ళు నవ్వుతూ వస్తారు. ముందురోజు అక్క నవ్వుతూ వచ్చి బట్టలిచ్చింది.

"ఈసారి లోపల గుడ్డ ఉంచకు పొట్టీ, కత్తిరించెయ్. ఇక నేను లావెక్కేది లేదు."

మా పనిలో లోపలి గుడ్డ కత్తిరించకూడదు. మనిషి ఒళ్ళు ఎప్పుడెలా మారుతుందోనని రెండు వేళ్ళ గుడ్డ వదులుతాం. తెలిసీ కత్తిరించాను. కత్తెర ఆడుతుంటే నాలో ఉన్నది సంతోషం కాదు, కుళ్ళు.

ఒళ్ళు తగ్గించే కూరగాయల జాబితా తెచ్చింది నేనే. ఎవరివో బట్టలు చుట్టుకొచ్చిన పత్రిక కాగితంలో ఉంది. కీరా, ముల్లంగి, క్యాబేజీ, ఇంకా ఏవేవో ఆకులు. వాటిలో ఉన్న సత్తువ కంటే వాటిని నమిలి అరిగించుకోవడానికి పట్టే సత్తువే ఎక్కువట. తిన్నకొద్దీ తగ్గుతామన్నమాట. ఇద్దరం ఒకే రోజు మొదలుపెట్టాం. నేను గదిలోకి వస్తుంటే మా ఆయన స్నేహితులతో "తలుపు రెండో రెక్క కూడా తియ్యండ్రా" అనేవాడు. అక్క బస్టాండులో టికెట్లిచ్చే కిటికీ వెనక కూర్చుంటుంది. "ఈ కుర్చీకి ముందుగానే పింఛనివ్వాలి" అనేవాడు వాళ్ళ ఆఫీసరు. మేమూ నవ్వేవాళ్ళం. నవ్వకపోతే మళ్ళీ హాస్యం తెలీనివాళ్ళమైపోతాం. ఇంట్లో అందరికీ వండి, వడ్డించి, గిన్నెలు సర్దే వేళకి పొయ్యి పక్కన నిలబడి కీరా ముక్కలు నమిలేవాళ్ళం, తన ఇంట్లో తను, నా ఇంట్లో నేను. నువ్వేం తిన్నావని అడిగినవాళ్ళు లేరు.

ఆరు నెలల్లో నేను రెండు కిలోలు తగ్గి మూడు పెరిగాను. అక్క పద్నాలుగు తగ్గింది. "పెళ్ళినాటి మనిషి తిరిగొచ్చింది" అని బావ పదిమందిలో అన్నాడు. ఎన్నేళ్ళకో ఆమెను వెంటబెట్టుకుని బయటికి తీసుకెళ్ళాడు. "ఇద్దరూ ఒక్క కడుపునే పుట్టారు గదా, అక్కని చూసి నేర్చుకో" అని మా ఆయన. నాకు తెలియకుండా ఇంకేదో మందు మింగుతోందని నా అనుమానం.

"ఏం చేస్తున్నావక్కా, నిజం చెప్పు" అని అడిగాను ఒకసారి.

"ఏమీ లేదే. ఆకలే వెయ్యట్లేదు."

"అదృష్టవంతురాలివి" అన్నాను. ఆకలి లేదన్న మాట దగ్గర ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆగలేదు.

ఆ మబ్బు రోజు మధ్యాహ్నం బట్టలు తొడిగి చూడటానికి అక్క వచ్చింది. నడుము చుట్టూ టేపు బిగించబోతే పక్కటెముకల కింద నా వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. పచ్చి కాయలా ఉంది.

"ఇదేంటి?"

"ఎప్పట్నుంచో ఉంది. నొప్పి కూడా వస్తుంటుంది. కడుపు ఖాళీగా ఉండి అనుకున్నా. అది వచ్చినప్పుడల్లా జాబితా పనిచేస్తోందని సంబరపడేదాన్ని."

మర్నాడు నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆర్నెల్లలో పద్నాలుగు కిలోలని అక్క గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్నదల్లా కలం ఆపింది. పరీక్షలన్నీ అయ్యాక నన్ను కూడా కూర్చోబెట్టుకుని చెప్పింది. "అలాంటి కూరగాయ ఏదీ లేదమ్మా. ఏది తిన్నా కొంతైనా ఒంటికి పడుతుంది. మీ అక్కని తగ్గించింది ఆ గడ్డ. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే నా మాట ఇంకోలా ఉండేది. ఇప్పుడు ఆపరేషనుకి తట్టుకునే బలం లేదు. కనీసం ఐదు కిలోలు పెరగాలి. ముందు తినిపించండి."

నాలుగు నెలల కిందట నేను మొదటిసారి ఆ కుట్టు లోపలికి వేశాను. తగ్గిన ఒళ్ళు అందరికంటే ముందు నా టేపుకే తెలిసింది. నాకు తెలిసింది మాత్రం నేను వెనకబడ్డానని.

అక్కకి ముద్ద దిగడం లేదు. పొద్దున బావ కంచం ముందు పెట్టి, పక్కన నిలబడి, "తిను, తిను" అని ఆఫీసుకి పోతాడు. సాయంత్రం చూస్తే కంచం అలాగే ఉంటుంది. ఒకరు చూస్తుంటే తినలేనంటుంది. ఒంటరిగానూ తినలేనంటుంది.

"రేపటినుంచి మధ్యాహ్నాలు అక్క దగ్గర తింటాను" అని మా ఆయనతో చెప్పాను.

"మరి నాకెవరు పెడతారు?"

"గిన్నెల్లో ఉంటుంది."

"నాకు చేతకాదని తెలుసుగా."

"వస్తుంది. నాకూ పుట్టుకతో రాలేదు."



మొదటి రోజు రెండు కంచాలు పెట్టి రెండింట్లోనూ అన్నం, కూర సమానంగా వడ్డించాను. ఎదురుగా కూర్చున్నాను. అక్క చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఒకటి చెప్తా, తిట్టకు" అంది. "రెండు నెలల ముందే అనుమానమొచ్చింది, ఇది మామూలు తగ్గడం కాదని. చెప్పలేదు. చెప్తే ఇంకెవరూ బాగున్నావనరేమోనని."

తిట్టడానికి నాకు నోరేది. ముద్ద కలిపాను. అక్కా కలిపింది. ఆమె మింగేదాకా నేను మింగలేదు. ఆమె ఆగితే ఆగాను, ఎత్తితే ఎత్తాను. ఆ కొద్ది అన్నం తినడానికి మాకు గంట పట్టింది.