సీసాల బీరువా

రెంటచింతలలో నాపరాళ్ల క్వారీ మల్లేశ్వరరావు ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు, కుర్చీలో కూర్చోగానే ముందు చూసేది ఆ బీరువా వైపే. ముందుగది గోడలో కలిపి చేయించిన టేకు బీరువా అది. అద్దాల తలుపులు. లోపల అరల నిండా విస్కీ సీసాలు. పొట్టివి, పొడుగు మెడవి, మూడు పలకలవి, నడుము దగ్గర నొక్కినట్టుండేవి. ఒక్కదాని సీలు కూడా ఊడి ఉండేది కాదు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వాలి వాటి మీద పడితే గదంతా తేనె రంగు అలుముకునేది. మల్లేశ్వరరావు సరిగ్గా ఆ వేళకే క్వారీ నుంచి భోజనానికి వచ్చేవాడు. కాళ్లు కడుక్కుని, అన్నం మాట తర్వాత, ముందు ఆ బీరువా ఎదుట కాసేపు నిలబడేవాడు.

అతను తాగడు. చుట్ట కూడా కాల్చడు. ఇంట్లో అన్ని సీసాలు పెట్టుకుని చుక్క ముట్టని మనిషని ఊళ్లో వింతగా చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే అతనికి బాగుండేది.

అతని తండ్రి ఉన్న మెట్టపొలమంతా సారా దుకాణానికి ధారపోసి పోయాడు. ఆ తర్వాత మల్లేశ్వరరావు సాగర్ డ్యాం కట్టేటప్పుడు రాతిపనికి పోయాడు. అక్కడ ఒక ఇంజనీరుగారి బంగళాలో గచ్చు వేస్తుండగా చూశాడు, గాజు బీరువాలో విస్కీ సీసాను. పని సాగినన్నాళ్లూ ఆ సీసా అక్కడే ఉంది. ఇంజనీరుగారు సాయంత్రం ఒక గ్లాసులో కాస్త పోసుకుని, సీసాను మళ్లీ దాని చోట పెట్టి తలుపు వేసేవారు. మల్లేశ్వరరావుకు అది నమ్మశక్యంగా తోచలేదు. తన ఇంట్లో సారా తెల్లారేదాకా మిగిలిన రోజు లేదు. బాగుపడటమంటే ఇదేనని ఆ వయసులో అతని మనసులో నాటుకుపోయింది. మందు ఇంట్లో ఉండాలి, మనిషి దాని జోలికి పోకూడదు. క్వారీ కలిసొచ్చి డాబా వేసుకున్నప్పుడు, వంటింటి అలమరల కన్నా ముందు చేయించింది ఆ బీరువానే.

సీసాలు తెచ్చిపెట్టింది దాదాపు అన్నీ చిన్నకోటయ్యే. చిన్నకోటయ్యకు సొంత లారీ ఉంది, తనే నడుపుతాడు. మల్లేశ్వరరావు క్వారీ బండలు మద్రాసు తోలేది అతనే. చుట్టరికం ఎటునుంచి ఎటో తెలియదు గాని చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్లు. మల్లేశ్వరరావు భార్య శేషమ్మ అతన్ని అన్నయ్యా అని పిలిచేది. మద్రాసు హార్బరు దగ్గర ఫారిన్ సరుకు అమ్మేవాళ్లు చిన్నకోటయ్యకు తెలుసు. సీటు కింద వరిగడ్డిలో పెట్టి, ఏ రకమైనా రెండేసి తెచ్చేవాడు. ఒకటి బావ బీరువాకు, ఒకటి తనకు.

తనది ఆ ఆదివారం దాటేది కాదు. వాకిట్లో లారీ నీడన మంచాలు వేసి, వచ్చినవాళ్లందరికీ తలా కాస్త పోసి, తనూ తాగి, ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఖాళీ సీసా అతని భార్య నాగమ్మ కడిగి కిరసనాయిలుకు వాడుకునేది. మర్నాడు చిన్నకోటయ్య వచ్చి మల్లేశ్వరరావుకు ఆ విస్కీ ఎట్లా ఉందో చెప్పేవాడు. ఒకటి పొగాకు కాల్చే బ్యారన్‌లో నిలబడ్డట్టు ఉందనేవాడు. ఒకటి మాగిన సపోటా అనేవాడు. మల్లేశ్వరరావు ఆ మాటలు విని, బీరువాలో ఉన్న దాని జోడు సీసాను కొత్తగా చూసేవాడు. తన దగ్గరున్న సీసాల రుచులన్నీ అతనికి చిన్నకోటయ్య నాలుక మీదుగానే తెలుసు.

"తాగడానికి చేసిందాన్ని ఇట్టా నిలబెట్టి చూస్తే ఏమొస్తది బావా?" అని చిన్నకోటయ్య అప్పుడప్పుడు నవ్వేవాడు.

"నువ్వు తాగింది యాడుంది చూపించు. నాది అట్టానే ఉంది గదా," అనేవాడు మల్లేశ్వరరావు.

ఎనభై నాలుగో సంవత్సరం వేసవిలో శేషమ్మ తల్లికి జబ్బు చేసింది. భార్యాభర్తలిద్దరూ నూజెండ్ల వెళ్లి ఆ వేసవంతా అక్కడే ఉండిపోయారు. గేదెను, ఇంటిని చూసుకోమని తాళాలగుత్తి చిన్నకోటయ్యకు ఇచ్చి వెళ్లారు. బీరువా చెవి కూడా ఆ గుత్తిలోనే ఉంది.

తిరిగొచ్చిన రోజు మల్లేశ్వరరావు ఎప్పటిలాగే బీరువా ముందు నిలబడ్డాడు. ఏదో తేడా అనిపించింది. దగ్గరికి పోయి చూశాడు. పొడుగు మెడ సీసాలో మెడ దాకా ఉండాల్సిన విస్కీ భుజం దగ్గర ఉంది. పక్కదీ తగ్గింది. ఆ వెనకదీ తగ్గింది. సీళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. లారీవాళ్లు బిరడాలోంచి ఇంజెక్షన్ సూది గుచ్చి మందు లాగుతారని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట అతనికి గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఇక మనసులోంచి పోలేదు. చిన్నకోటయ్యను అడగలేదు. అడగకుండానే అతను వచ్చి కూర్చున్నప్పుడల్లా ముభావంగా ఉండటం మొదలుపెట్టాడు.

అట్లా కొన్నాళ్లు గడిచాక సర్పంచి నరసింహారావు ఇంట్లో మనవరాలికి చెవులు కుట్టించారు. భోజనాలప్పుడు పందిట్లో మగవాళ్ల మాటలు మల్లేశ్వరరావు సీసాల మీదికి మళ్లాయి. ఒక్కటైనా తీసి తమకు పోసేది ఎప్పుడని ఎవరో అడిగారు. బావ వాటిని పోయేటప్పుడు వెంట తీసుకుపోతాడని చిన్నకోటయ్య నవ్వించబోయాడు.

మల్లేశ్వరరావు విస్తరిలోంచి తలెత్తలేదు. "నేను తియ్యకపోతే ఏంది, తీసేవాళ్లు ఉన్నారు. చెవి ఇచ్చి ఊరికి పోతే సీసాలు తరిగినయి," అన్నాడు.

ఆ వేసవి తాళాలు ఎవరి దగ్గరున్నాయో అక్కడ తెలియనివాళ్లు లేరు.

"నన్నేనా బావా అంటన్నది?" అన్నాడు చిన్నకోటయ్య.

"చెవి ఇంకెవరి దగ్గరుంది?"

చిన్నకోటయ్య అన్నం సగంలో వదిలి లేచి, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి అతని లారీ క్వారీకి రాలేదు. మిరపకాయల బస్తాలు గుంటూరుకు తోలుతున్నాడని తెలిసింది. బండలకు మల్లేశ్వరరావు మాచర్ల నుంచి వేరే లారీ మాట్లాడుకున్నాడు. శేషమ్మ మొగుడి తరఫున నిలబడలేదు. అన్నయ్యకు తాగాలనిపిస్తే బీరువా ముందు నిలబడి అడిగే తాగుతాడు గాని, సూదులు గుచ్చే మనిషి కాదని ముఖానే చెప్పింది. మల్లేశ్వరరావు బీరువాకు కొత్త తాళం వేయించి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. కాగితం ముక్కలు సన్నగా కత్తిరించి, ప్రతి సీసా మీదా విస్కీ ఎంతవరకుందో అక్కడ అతికించాడు. ఇంటికి వచ్చినవాళ్లు మునుపటిలాగే బీరువా చూసి మెచ్చుకునేవారు. ఆ సీసాల్లో ఏది ఎట్లా ఉంటుందో చెప్పే మనిషి మాత్రం రావడం లేదు. మధ్యాహ్నాలు ఆ ముందుగదిలో అతనికి ఊసుపోయేది కాదు.

మళ్లీ వేసవి వచ్చింది. రెంటచింతల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకునేది. క్వారీలో మధ్యాహ్నం బండ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. రోహిణి కార్తెలో ఒకరోజు దుమ్ము తుడుద్దామని మల్లేశ్వరరావు బీరువా తెరిచాడు. పొడుగు మెడ సీసాలో విస్కీ కాగితం ముక్కకు అంగుళం కింద ఉంది.

అతను మొలతాడు తడుముకున్నాడు. చెవి అక్కడే ఉంది. ఇంకో సీసా చూశాడు. దాంట్లోనూ తగ్గింది. బిరడా ఉన్నవన్నీ తగ్గాయి. రేకుమూత తిప్పి బిగించినవి మాత్రం కాగితం దగ్గరే ఉన్నాయి. సీసాను చేతిలోకి తీసుకుంటే పొయ్యి మీదనుంచి దించిన గిన్నెలా కాలింది. సీలు చుట్టూ ముక్కు పెట్టి వాసన చూశాడు. సన్నగా, తియ్యగా, ఘాటుగా వచ్చింది వాసన. తన తండ్రి తువ్వాలు ఎప్పుడూ ఆ వాసనే వేసేది.

అట్లాగే కుర్చీలో కూలబడ్డాడు. ప్రతి మధ్యాహ్నమూ తాను ఎదుట నిలబడి మురిసిపోతున్న సమయంలోనే, ఆ కిటికీ ఎండకే, అవి ఆరిపోతూ వచ్చాయి. శేషమ్మ వచ్చి ఏమైందని అడిగితే సీసా చూపించాడు. ఆమె కాగితం ముక్కను, దాని కింద ఖాళీని చూసింది.

"పోయి అన్నయ్యకు చెప్పు," అంది.

మర్నాడు పొద్దున మల్లేశ్వరరావు చిన్నకోటయ్య ఇంటికి వెళ్లాడు. చిన్నకోటయ్య లారీ కమాను పట్టీలకు గ్రీజు పెడుతున్నాడు. నాగమ్మ మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది గాని మాట్లాడలేదు. మల్లేశ్వరరావు జరిగిందంతా చెప్పాడు. కొత్త తాళం సంగతి, కాగితాల సంగతి, ఎండ సంగతి. తప్పయిందన్నాడు. చిన్నకోటయ్య చేతిలో పని ఆపలేదు. అంతా విన్నాక అన్నాడు:

"నాకెందుకు చెప్తన్నావు బావా? నేను తాగలేదని నాకు తెలుసు గదా. తెలియనోళ్లకు చెప్పు."

మల్లేశ్వరరావు మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఇంటికి వచ్చేశాడు. ఒక్కడి ముందు తల వంచడానికే రాత్రంతా ఆలోచించి వెళ్లినవాడు, ఊరి పెద్దలందరి ముందూ వంచాలంటే మాటలా? అతని మాటకు ఊళ్లో విలువుంది. పొలం గట్ల తగాదాలకు నలుగురూ పిలిచేది అతన్నే. కొన్నాళ్లు వాయిదా వేశాడు. ఎండలు తగ్గనీ అనుకున్నాడు, వానలు పడనీ అనుకున్నాడు. శేషమ్మ ఒత్తిడి చెయ్యలేదు. కానీ ఒకరోజు బజారులో చిన్నకోటయ్యను చూసి ఒక కుర్రాడు చేత్తో సూది గుచ్చినట్టు సైగ చేసి నవ్వడం మల్లేశ్వరరావు కంట పడింది. చిన్నకోటయ్య తల వంచుకుని పోయాడు. తానన్న ఒక్క మాట ఏడాదిగా ఊళ్లో తిరుగుతూనే ఉందని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారమే నరసింహారావునూ, ఆనాడు పందిట్లో ఉన్న మిగతావాళ్లనూ ఇంటికి పిలిచాడు. చిన్నకోటయ్యను పిలవడానికి శేషమ్మే స్వయంగా వెళ్లింది. అతను అందరికన్నా వెనక వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు.

మల్లేశ్వరరావు బీరువా తెరిచి సీసాలు బల్ల మీద వరసగా పెట్టాడు.

"పోయినేడు నరసింహారావన్నయ్య ఇంట్లో మీ అందరి ముందూ ఒక మాటన్నా. అది తప్పు. ఈ ఏడు చెవి నా మొల్లోనే ఉంది, అయినా తరిగినయి. ఎండకు ఆరిపోయినయి. చిన్నకోటయ్య ముట్టుకోలేదు. ముట్టుకున్నాడని నేనన్నా గాబట్టి, లేదని కూడా నేనే చెప్పాలని పిలిచా."

నరసింహారావు కాగితం ముక్కలను పరీక్షగా చూసి, సీసాను పక్కవాళ్లకు అందించాడు. మల్లేశ్వరరావు ఒక సీసా తీసి చిన్నకోటయ్య చేతికి ఇవ్వబోయాడు, తెరవమని.

"నీ సీసా. నువ్వే తియ్యి," అన్నాడు చిన్నకోటయ్య.

అతనికి తియ్యడం రాదు. సీలు చాకుతో కోసి లాగితే బిరడా పొడిపొడిగా రాలి లోపలే పడింది. శేషమ్మ పాత చీర పీలిక తెచ్చి ఇస్తే దాంతో వడకట్టి గ్లాసుల్లో పోశాడు. చిన్నకోటయ్య ఒక గుక్క తాగి, నోట్లో కాసేపు ఉంచుకుని మింగాడు.

"ఇది చచ్చిపోయింది బావా," అన్నాడు.

రెండోదీ అంతే, గోనెపట్టా నానబెట్టిన నీళ్లలా ఉందన్నాడు. మూడోది, రేకుమూత ఉన్న పొట్టి సీసాలోది, గుక్క వేశాక చిన్నకోటయ్య ముఖం విప్పారింది. గ్లాసు నరసింహారావుకు అందించాడు. శేషమ్మ వేయించిన మాంసం తెచ్చి పెట్టింది. మెల్లగా మాటలు కలిశాయి. కాలవ నీళ్ల గురించి, పత్తికి తగిలిన పురుగు గురించి, ఎవరివో ఎద్దులు పందెంలో నెగ్గడం గురించి మాట్లాడుకున్నారు. ఆ గదిలో అంత గోల మల్లేశ్వరరావు ఎన్నడూ వినలేదు.

అందరూ మాటల్లో ఉండగా అతను ఒక గ్లాసు అడుగున కాస్త పోసుకుని నోట్లో వేసుకున్నాడు. నాలుక చురుక్కుమంది, గొంతు మండింది. రెండో గుక్క కావాలనిపించలేదు. భయమూ వేయలేదు. ఇన్నేళ్లూ దీన్ని ఇంట్లో పెట్టుకుని ముట్టకుండా ఉన్నానని లోలోపల ఎంత పొంగిపోయాడు! తనకు అసలు కోరికే లేనిదాన్ని కాదనుకోవడంలో ఏం గొప్పుంది? తండ్రి పడ్డ యాతన వేరు. దాని సంగతి తనకేమీ తెలియదు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరే లేచారు. చిన్నకోటయ్య రెండో గ్లాసు పోయించుకోలేదు. మర్నాడు బస్తాల లోడు ఉందని చెప్పి చెప్పులు వేసుకున్నాడు. మల్లేశ్వరరావు అతనితో పాటు రోడ్డు దాకా నడిచాడు.

"నువ్వు పందిట్లో అన్నందుకు కాదు బావా," అన్నాడు చిన్నకోటయ్య, నడుస్తూనే. "అంతకు ముందు అన్ని రోజులు మీ ఇంటికొచ్చి కూర్చున్నా. ఒక్కమాట అడిగుండొచ్చు గదా, తాగావా అని. లేదనేవాణ్ణి. అక్కడితో అయిపోయేది."

అవునని తేలిగ్గా అనేయొచ్చు. కానీ మల్లేశ్వరరావుకు నోరు రాలేదు.

"అడిగినా నమ్మేవాణ్ణి కాదేమో," అన్నాడు.

చిన్నకోటయ్య ఆగి అతని ముఖంలోకి చూశాడు. ఆ ఏడాదిలో అట్లా సూటిగా చూడటం అదే మొదలు. తర్వాత తల పంకించి మళ్లీ నడక సాగించాడు. గురజాల బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. మాచర్ల లారీవాడు బండలు ఎట్లా తోలుతున్నాడని చిన్నకోటయ్య అడిగాడు. సగం పగలగొడుతున్నాడని మల్లేశ్వరరావు చెప్పాడు. గడ్డి సరిగా పరచరని, మూలలకు కొయ్యలు పెట్టరని, వాళ్లకు ఓపిక ఉండదని చిన్నకోటయ్య విసుక్కున్నాడు. ఇద్దరూ ఆ సంగతే మాట్లాడుకుంటూ చిన్నకోటయ్య వాకిట్లో ఉన్న లారీ దాకా నడిచారు.