పదకొండు మంది, నాలుగు చుట్లు

...కెప్టెన్, నవ్వులమ్మాయి, అంటే ఇంకా మొదటి చుట్టే, రైలు, తొందరేం లేదు, రెండు కంచు పళ్ళేలూ, ఒకదానికొకటి కొట్టే సింబల్స్, తొడల పక్కన వేలాడుతున్నాయి, తోలు పట్టీలు వేళ్ళకి ఒరుసుకుంటున్నాయి, ఎడంకాలు, లెక్కపెట్టొద్దన్నారు ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు, నువ్వసలు లెక్కే పెట్టకు తల్లీ, నా చెయ్యి చూడు చాలు, నేను చెయ్యి దించినప్పుడు కొట్టు, అని అందరి ముందూ అన్నారు, అయినా లెక్క దాని మానాన అది నడుస్తూనే ఉంది, కొత్తమ్మాయి, ఊపిరి పీల్చొద్దంటే మాత్రం మానేస్తామా, పిడుగు, అదిగో ఒక చుట్టు అయిపోయింది, ఇంకా మూడు, ఆమె స్వరాల కాగితంలో ఇక్కడ అన్నీ ఖాళీ గదులే, నిలువు గీతకీ నిలువు గీతకీ మధ్య ఒక గది, నలభై నాలుగు గదుల పాటు మిగతా అందరూ వాయిస్తూ ఉంటే ఆమె ఒక్కతీ వెనక వరసలో బొమ్మలా నిలబడాలి, నలభై నాలుగూ దాటాక ఒకే ఒక్క దెబ్బ, మిగతావాళ్ళయితే ఇలాంటిచోట వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటారు, ఆమెకి వేళ్ళు ఖాళీ లేవు, అందుకే గదికొక మనిషిని నిలబెడుతుంది, తన బొమ్మల కార్డుల పెట్టెలోని మనుషులు, ఊళ్ళోని అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు, అందరివీ ముద్దుపేర్లే, కీపరక్కతో మొదలుపెట్టి పిడుగుతో ముగిస్తే పదకొండు మంది, నాలుగు సార్లు మైదానంలోకి వచ్చి వెళితే సరిగ్గా తన వంతు, ఇందులో ఎవరికి ఏం నొప్పి.

కీపరక్క, పెద్ద కవల, నల్ల గౌను మెడ దగ్గర గుచ్చుకుంటోంది, అమ్మ పొద్దున లాండ్రీలో అందరి బట్టలకంటే ముందు దీన్నే ఇస్త్రీ చేసింది, చిన్న కవల, ఆవిరి ఇస్త్రీ పెట్టె వెనకనుంచి అమ్మే అడిగింది, ఆ రేకులు కొట్టడానికి మూడు నెలలు నేర్చుకోవాలటే, నేను రోజూ వంటింట్లో మూతలు కింద పడేస్తాను, నన్నెవరూ స్టేజీ ఎక్కించరేం, అని, మళ్ళీ తనే, ఎప్పుడు కొడతావో ముందే చెప్పు, గుండె చిక్కబట్టుకుంటాను, అంది, గోడ, ఇప్పుడా మూడో వరసలో అమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఉంటుంది, దీపాల వెలుగులో కనబడదు గానీ చిక్కబట్టుకునే ఉంటుంది పాపం, మొదటినుంచీ, పక్కన నాన్న కాలితో నేల మీద తాళం వేస్తూ ఉంటాడు, తప్పు తాళం, జడ, అందరూ అనే మాటే, నోట్లో నాలుక లేని పిల్ల, దీనికి ఆ గోల వాయిద్యం ఎవరు చూపించారు, అని, ఎవరూ చూపించలేదు, నాన్న షాపు షట్టరే చూపించింది, ఆదివారాలు షట్టరు దించేసి దాని ముందు ఆమెని కీపరుగా నిలబెట్టి నాన్న బంతి తన్నేవాడు, ఆపలేకపోయిన ప్రతి బంతీ వెళ్ళి షట్టరుకి తగిలి వీధి చివరిదాకా మోగేది, కెప్టెన్, ఆ మోత కోసం ఒక్కోసారి కావాలనే వదిలేసేది, ఆ సంగతి నాన్నకి ఇప్పటికీ తెలియదు, బంతి కాలి నుంచి బయల్దేరాక ఎగిరితే ఆలస్యమేనమ్మా, అనేవాడు, ముందే ఎగరాలి, ముందే ఎలా తెలుస్తుంది నాన్నా, అంటే, ఆట మొత్తం చూస్తూ ఉన్నదానికి తెలుస్తుంది, నవ్వులమ్మాయి, కార్డులు అప్పుడే మొదలయ్యాయి, ప్యాకెట్టు చింపగానే వచ్చే కొత్త రంగు వాసన, ఎవరొచ్చారో చూడకుండా కళ్ళు మూసుకుని కాసేపు ఆ వాసనే, అన్నయ్యకి అర్థం కాదు, కాలితో తన్నేవాళ్ళ బొమ్మలకీ చేత్తో కొట్టే నీకూ ఏంటే చుట్టరికం, ముందు మగపెళ్ళివారి వైపో ఆడపెళ్ళివారి వైపో తేల్చుకో, అంటాడు, రైలు, ఎడంకాలు, తేల్చుకో, తేల్చుకో, ఇంట్లో అదే మాట, ఇక్కడా అదే మాట, కొత్తమ్మాయి, ఎందుకు తేల్చుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు, పిడుగు.

రెండు చుట్లు, ఇక మూడోది, కీ...

ఇక్కడే, ఇక్కడే ఎప్పుడూ కాలు జారుతుంది, కీపరక్క ఉందా లేదా, ఉంది, ఉందనే అనుకో, పెద్ద కవల, పోయిన వారం రిహార్సల్లో జరిగింది ఇదే, ముందురోజు సాయంత్రం వార్తల్లో చెప్పారు, కీపరక్క మన జట్టు వదిలేసి వేరే ఊరి జట్టుకి వెళ్ళిపోతోందని, ఆమె అన్నం సగంలో వదిలేసి వెళ్ళి కీపరక్క కార్డుని బోర్లా తిప్పి పెట్టింది, నీ మొహం నాకు చూపించకు పో, అని, చిన్న కవల, అలిగి పడుకున్న మనిషి పొద్దున్నే లేచి ఆ కార్డునే కాగితాల స్టాండు మీద బోర్లా పెట్టుకుని వాయించడానికి నిలబడింది, అలకా పోలేదు, వదలడమూ రాలేదు, గోడ, తీరా లెక్క మొదలుపెట్టినప్పుడు నోరు దానంతటదే పెద్ద కవల నుంచి ఎత్తుకుంది, పదకొండు మంది కాస్తా పది మందయ్యారు, చుట్టుకొకటి చొప్పున నాలుగు గదులు మాయం, సరిగ్గా ఫ్లూటు అక్క ఒంటరిగా, దూదిపింజ రాలినట్టు వాయిస్తున్న చోట, ఈమె రెండు చేతులూ బార్లా చాపి కొట్టింది, జడ, ఫ్లూటు అక్క కెవ్వుమంది, చెల్లో వాయించే తాతయ్య కళ్ళజోడు వాయిద్యం మీద పడింది, ముందు వరసలో ఎవరో దేవుడా అన్నారు, తర్వాత అందరూ నవ్వారు, పడీ పడీ నవ్వారు, కెప్టెన్, మాస్టారు మాత్రం నవ్వలేదు, కుర్చీల మధ్యనుంచి నడిచి వెనక్కి వచ్చి కార్డు తీసి చూసి, ఏంటమ్మా ఇది, అన్నారు, నిన్నే, ఇదేంటి, కార్డండీ, కార్డని నాకూ కనబడుతోంది, ఇక్కడ దీనికేం పని, ఈ అక్క వచ్చి వాయిస్తుందా, నవ్వులమ్మాయి, చెప్పాల్సింది, ఆ అక్కని లెక్కలోంచి తీసేశాను కాబట్టే తప్పు కొట్టానండీ, ఉంచి ఉంటే కొట్టేదాన్ని కాదు, అని చెప్పాల్సింది, నోట్లో నాలుక లేని పిల్ల కదా, తల దించుకుంది, మాస్టారు కార్డుని కోటు పైజేబులో వేసుకున్నారు, ప్రోగ్రాం అయ్యాక ఇస్తాను, ఈలోగా నువ్వు లెక్కపెట్టొద్దు, నా చెయ్యి చూసి కొట్టు, ఆ రోజు గానీ ఒక్క తప్పు పడిందా, నీ చోట్లో వేరేవాళ్ళని చూసుకుంటాను, నువ్వు హాయిగా వెళ్ళి బంతాట ఆడుకో, రైలు.

అదీ కాదు మంట, ఎడంకాలు, బూర బాబాయి, అదిగో తన ముందు వరసలో ఆ వెడల్పాటి వీపు, సాగదీసే పెద్ద బూర వాయిస్తాడు, ఆయన దగ్గర ఆమెకంటే పెద్ద పెట్టె ఉంది, కొత్తమ్మాయి, టీ విరామంలో వాయిద్యాల డబ్బాల చాటున ఇద్దరూ కార్డులు మార్చుకుంటారు, నాకు నీ జడనివ్వు, నీకు నా ఇద్దరు కవలల్నీ ఇస్తాను, పోనీ వాళ్ళతో బాటు మీ పిన్నిని కూడా తీసుకెళ్ళు, అని నవ్వించేవాడు, పిడుగు, ఊపిరితిత్తులున్న వాళ్ళవే ఈ రెండు విద్యలూనే, పరుగైనా పాటైనా, అని ఆయనే చెప్పాడు, అలాంటి మనిషి ఆ రోజు మాస్టారు ఏంటిదని అడుగుతుంటే వంగి బూరలోంచి ఉమ్మి తుడుచుకుంటూ కూర్చున్నాడు, నాకూ ఉన్నాయండీ కార్డులు అని ఒక్క ముక్క అంటే సొమ్మేం పోయింది, తర్వాత మెట్ల దగ్గర పట్టుకుని, ఏమనుకోకే, ఆయనంటే నాకు చిన్నప్పటినుంచీ భయం, అన్నాడు, నలభై ఏళ్ళ మనిషి, చిన్నప్పటినుంచీ, ఆమె మెట్లు దిగిపోయింది, ఆగు, పిడుగు వచ్చి వెళ్ళింది, మూడు చుట్లయ్యాయి, అవును, అయ్యాయి, బాబాయి మీద కోపంలో లెక్క తప్పలేదు, కోపం పక్కన పెట్టుకుని కూడా లెక్క నడుస్తోందే, ఎవరు నేర్పారు తనకిది, ఎవరూ కాదు.

నాలుగోది, ఆఖరిది, కీపరక్క, ఈసారి గట్టిగా, ఎక్కడికి పోతుంది కీపరక్క, వేరే జట్టు చొక్కా వేసుకుంటే ఇన్నాళ్ళూ ఆపిన బంతులన్నీ వెనక్కి వెళ్ళి గోలయిపోతాయా, ఆమెకి నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది, అసలా అక్క ఇక్కడే ఉంది కదా, అదిగో, అందరికంటే ముందు, అందరికంటే ఎత్తున, మాస్టారు ఇవాళా వేసుకొచ్చిన ఆ కోటు పైజేబులో, ఆయనకి తెలియకుండా ఆయన గుండె మీదే నిలబడి ఆడుతోంది, పెద్ద కవల, స్టాండు మీదనుంచి తీసేశాననుకున్నారు, తీసి తీసి మైదానం మధ్యలో పెట్టారు, చిన్న కవల, ఇప్పుడు మాస్టారి చెయ్యి చూడాలి, చూస్తోంది, కానీ మాస్టారు ఇటు చూడడం లేదు, గోడ, వయొలిన్‌ల వాళ్ళు ఎక్కడో తడబడ్డట్టున్నారు, కుడివైపు వాళ్ళు ముందుకి పోతున్నారు, ఎడమవైపు వాళ్ళు వెనకపడ్డారు, మాస్టారు నడుము తిప్పేసి రెండు చేతులతోనూ వాళ్ళని కూడదీస్తున్నారు, చెదిరిన గొర్రెల్ని కలుపుతున్నట్టు, జడ, అరచేతుల్లో చెమట, తోలు పట్టీ జారుతోంది, ఇంకా టైముంది, తిరుగుతారులే, కెప్టెన్, తిరగలేదు, ఆ చెయ్యి ఇటు వచ్చేలా లేదు, రాకపోతే, రాకపోతే కొట్టకూడదు, చెయ్యి దించితేనే కొట్టమన్నారు, కొట్టకపోతే తప్పు తనది కాదు, మీరు చూడలేదుగా అనొచ్చు, కానీ అమ్మ మూడో వరసలో గుండె చిక్కబట్టుకుని అలాగే ఇంటికి వెళుతుంది, కొట్టి, అది తప్పయితే, రేపటినుంచి ఈ చోట్లో ఇంకెవరో, నవ్వులమ్మాయి.

అప్పుడే బూర బాబాయి వీపు కదిలింది, తన స్టాండుని మోకాలితో కొద్దిగా పక్కకి తిప్పాడు, కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పుతో పట్టించి ఉన్నాయి, ఆ క్లిప్పు కింద అందరికీ కనబడేలా ఒక కార్డు, జుట్టు ఎగిరేలా గాల్లోకి లేచిన పిడుగు, ఎంత అడిగినా ఆమెకి ఇవ్వని మెరుపంచు పిడుగు, రైలు, ఇన్నాళ్ళకి, ఓ బాబాయీ, ఇన్నాళ్ళకి మాస్టారి ఎదురుగా పెట్టావు, కానీ నువ్వు పెట్టినందుకు కాదు, నువ్వు పెట్టకపోయినా సరే, ఎడంకాలు, ఇక చేతులు లేవాలి, చెయ్యి దిగాక లేపితే ఆలస్యమే, రెండు పళ్ళేలూ ఎదురెదురుగా మూస్తే మధ్యలో గాలి చిక్కుకుని తప్పుమని చప్పగా చస్తుంది, కొంచెం ఏటవాలుగా, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి, దానికి ముందే ఎత్తుకోవాలి, ఎత్తుతోంది, ఎవరూ చెప్పకుండానే ఎత్తుతోంది, పక్కన పెద్ద డ్రమ్ముల అన్న కళ్ళు పెద్దవి చేసి, ఆగవే, మాస్టారు చూడలేదు, అని పెదాలతో అంటున్నాడు, చూడకపోతే మానె, కొత్తమ్మాయి, మైదానం అవతలి కొసన బంతి ఉన్నంతసేపూ కీపరక్క ఏం చేస్తుంది, చేతులు కట్టుకుని నిలబడి ఉందని అనుకుంటారు చూసేవాళ్ళు, తన వంతు ఇంకా రాలేదనుకుంటారు, ఆమె వంతు ఆట మొదలైనప్పుడే వచ్చింది, బంతి ముట్టుకోని ప్రతి నిమిషమూ ఆమె ఆడుతూనే ఉంది, అందుకే ఎగరడానికి ఎవర్నీ అడగదు, ఎవరి చెయ్యీ చూడదు, అంటే ఈ ఖాళీ గదులు ఖాళీవి కావు, ఇంతసేపూ తనేమీ ఎదురుచూడలేదు, ఇంతసేపూ ఒక్క గదీ వదలకుండా వాయిస్తూనే ఉంది, పదకొండు మందితో కలిసి, వినబడకుండా, మాస్టారు అప్పుడు ఇటు తల తిప్పారు, చెయ్యి ఇంకా వయొలిన్‌ల మీదే ఉంది, మొహంలో కంగారు, ఆమె ఆ కంగారు చూసింది, జేబు చూసింది, చేతులు దించలేదు, రేపు ఈ చోటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, ఈ దెబ్బ మాత్రం తనది, పిడుగు.

షట్టరు మోగింది, వీధి చివరిదాకా.