ఇద్దరిలో ఒకరికి

“ఈమధ్య నీతో మాట్లాడాలంటేనే భయమేస్తోంది” అన్నాడు భర్త, మంచం కింద మేజోళ్ళు వెతుక్కుంటూ. మేజోళ్ళు అతని కళ్ళ ముందే కుర్చీ వీపు మీద ఆరేసి ఉన్నాయి. ఆమె తీసి చేతికిచ్చింది. జవాబు చెబితే గొంతు లేస్తుందని తెలుసు. గొంతు లేస్తే పక్క గదిలోంచి అత్తగారు “మళ్ళీ ఏమైందిరా?” అంటుందనీ తెలుసు. కొన్నాళ్ళుగా ఆమెకు ఊరికే ఏడుపొస్తోంది, ఊరికే కోపమొస్తోంది. కుళాయి కట్టేసినా చుక్కచుక్కగా కారుతుంటే ఆ చప్పుడుకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది. కూర్చుంటే కాలు ఆగదు, నిలబడితే మనసు నిలవదు. తనకేదో గాలి సోకిందనే అనుకుంది. పిల్లలు పుట్టకుండా రోజూ వేసుకునే, కందిగింజంత లేని మాత్ర వల్ల కూడా కొందరికి ఇలా అవుతుందని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది.

ఆ మాత్ర ఆమె ఇంట్లో వేసుకోదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, టీ విరామానికి ముందు ఫోను మోగగానే, కాలర్ల కుప్ప చాటున నోట్లో వేసుకుంటుంది. అందుకని పక్క మిషన్లవాళ్ళు ఆమెకు ‘అలారం’ అని పేరు పెట్టారు. “అలారం మోగింది, టీ వచ్చేస్తుంది లేవండే” అని నవ్వుకుంటారు. ఆ నవ్వులో కుచ్చితం లేదు. వాళ్ళలో సగం మందికి తలా ఒక కథ ఉంది. ఒకామె లెక్క పెట్టుకుని రోజులు దాటిస్తుంది, ఒకామె దేవుడి మీద భారం వేసి పడుకుంటుంది. ఆమె మాత్రం అన్నీ చూసింది. మొదట్లో మొగుడే తొడుగు వాడేవాడు. ఒక రాత్రి అది అయిపోతే “ఒక్కరోజుకేం కొంప మునుగుతుంది?” అన్నాడు. మునిగిన ఆ కొంప ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. ఆ తర్వాత కాపర్ టీ వేయించుకుంది. చాలామందికి పడుతుందట, ఆమెకు పడలేదు. నెలనెలా వరద. గుడ్డ మార్చుకోవడానికి లేచిన ప్రతిసారీ సూపర్‌వైజరు వాచీ చూసుకునేవాడు. “నీకు మిషను దగ్గరకన్నా బాత్రూములోనే పనెక్కువున్నట్టుందే” అని అందరి ముందూ అన్నాడొకసారి. ఇంటికొస్తే మొగుడు దాని దారమేదో తనకు గుచ్చుకుంటోందని సణిగేవాడు. నెత్తురు కారినదానికి కాదు, దారం గుచ్చుకున్నదానికి అది తీయించాల్సి వచ్చింది. ఇప్పుడీ మాత్రలు. ఇంట్లో ఇద్దరు కాపురం చేస్తుంటే, ఒకరి ఒంటి మీదే అన్నీ ఎందుకు ప్రయోగించి చూస్తున్నారని ఆమె ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు.

డాక్టరమ్మ ఇంజెక్షను గురించి చెప్పింది, మోచేతి పైన చర్మం కింద పెట్టే చిన్న పుల్ల గురించి చెప్పింది, ఆడవాళ్ళ ఆపరేషన్ గురించి చెప్పింది. అన్నీ చెప్పి, కళ్ళజోడు తుడుచుకుంటూ, “మీ ఆయన చేయించుకోరా? మగవాళ్ళది చాలా చిన్న పని. గంటలో ఇంటికి పోవచ్చు” అంది. ఆమె నవ్వేసింది. కుర్చీలోంచి లేచి, వీధిలోకొచ్చి, మందుల షాపు దాటి, బస్సెక్కినా ఆ నవ్వు ఆమెను వదల్లేదు. ఎందుకు నవ్వినట్టు? తన కడుపు కోస్తామంటే ఏ పత్యం చెయ్యాలని అడిగింది, ఆయనకు చిన్న గాటు పెడతామంటే నవ్వొచ్చింది. ఇంటికెళ్ళేలోపల ఆ నవ్వు మీద ఆమెకు అసహ్యం పుట్టింది.

ఆ సాయంత్రమే అడిగింది. భర్త వ్యానులో బీరువాలు, ఫ్రిజ్‌లు ఇళ్ళకు చేరవేస్తాడు. “నేను బరువులెత్తేవాణ్ణి. రేపు నడుం పోతే ఎవరు తెస్తారు?” అన్నాడు. వారం ఆగితే మామూలుగానే ఎత్తొచ్చని డాక్టరమ్మ అందని చెబితే, “ఆవిడేమన్నా ఫ్రిజ్ ఎత్తిందా?” అన్నాడు. గోడకు చెవులుంటాయంటారు గానీ ఆ ఇంట్లో చెవులన్నీ అత్తగారివే. ఆవిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది. మగాణ్ణి కోయించడం ఎక్కడైనా విన్నామా అంది. పెద్దకోడలు కిక్కురుమనకుండా చేయించుకుని వారంలో లేచి తిరగలేదా అంది. “ఎటూ ఇద్దరిలో ఒకరికేగా. ఆ ఒకరు ఆడదైతే గొడవే లేదు” అని తేల్చేసింది.

ఆదివారం ఆమె తోడికోడలింటికి వెళ్ళింది. నొప్పి ఎలా ఉంటుందో, ఎన్నాళ్ళు పడుకోవాలో అడిగి, మనసు దిటవు చేసుకుందామని. తోడికోడలు ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. ప్రశ్న విని మడత ఆపింది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

“నాకెక్కడ చేశారే? చేసింది మీ బావగారికి.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తోడికోడలు దుప్పటి ఒళ్ళో పెట్టుకుని చెప్పుకుపోయింది. బావగారే ముందుకొచ్చాడట, కానీ తల్లికి తెలిస్తే తలెత్తుకోలేనన్నాడట. అందుకని తోడికోడలే వారం రోజులు మంచం మీద మూలిగింది. అత్తగారు వచ్చి కాళ్ళు పట్టింది కూడా. “మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు నాకు తుమ్మొచ్చినా ఆపరేషన్ వల్లే అంటుంది మన అత్త. ఆయన జన్మకు ఒక్క మంచిపని చేశాడు. అది దొంగసొత్తులా దాచుకు తిరుగుతున్నాం” అని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది.

ఆమె ఒట్టు తప్పలేదు. తోడికోడలే ఆగలేక మొగుణ్ణి పురమాయించినట్టుంది. మరుసటి ఆదివారం అన్నదమ్ములిద్దరూ వ్యాను టైరు చూసే వంకతో వీధి చివరికెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చిన భర్త ఆమెతో పాటు వంటగదిలోకొచ్చి, ఎప్పుడూ లేనిది, గిన్నెలు తుడవబోయాడు.

“సరే, చేయించుకుంటా. కానీ అమ్మకి మాత్రం నీకు చేశారనే చెప్పాలి.”

ఎన్నేళ్ళుగానో తలుపు తట్టి తట్టి, తెరుచుకోగానే లోపలికి ఎదురు గోడ కనిపించినట్టయింది ఆమెకు. సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు. ఆమె ఏమీ అనకపోవడాన్ని ఒప్పుకోవడంగా తీసుకోవడం అతనికి ముందునుంచీ అలవాటే.

ఇద్దరూ సెలవు పెట్టి వెళ్ళారు. అతని పని నిజంగానే గంటలో అయిపోయింది. వారం బరువులెత్తకూడదనీ, మూడు నెలలు తొడుగు వాడాలనీ, ఆ తర్వాత ఒక పరీక్ష చేయించుకోవాలనీ డాక్టరు చెప్పాడు. దారంతా అతను రోడ్డు మీద గుంతల్ని తిట్టుకుంటూ వచ్చాడు. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం, “నువ్వు కొంచెం నెమ్మదిగా ఎక్కు, నీకు కదా” అని గుర్తుచేశాడు.

అత్తగారు కిటికీ పక్కన మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచింది. ఆమెను భుజం పట్టి పడుకోబెట్టింది. పాలు కాచి తెస్తానని లోపలికెళ్ళింది. పెళ్ళయ్యాక పట్టపగలు ఇలా నడుం వాల్చడం ఇదే మొదలు. ఒంటికి ఎంత హాయిగా ఉందో మనసుకు అంత ముళ్ళమీద ఉన్నట్టుంది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. జబ్బు పడితే తప్ప దొరకని ఈ పక్క, ఇప్పుడు జబ్బు లేకుండానే దొరికింది కదా, కళ్ళు మూసుకోరాదూ అని తనకు తానే చెప్పుకుంది. కళ్ళు మూతపడలేదు. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. భర్త కుర్చీ అంచున, గుడ్డు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పాలగ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, “ఒరేయ్, ఈ పాలు కాగేసరికి గ్యాసైపోయింది. గ్యాసబ్బాయి కొత్త బండని కింద మెట్ల దగ్గర పెట్టి పోయాడు. పైకి తీసుకురా” అంది అత్తగారు.

“సాయంత్రం తెస్తాలే.”

“పిల్లలు బడినుంచి వచ్చి ఏం తింటారు? రోజూ బీరువాలు మోసేవాడివి, బండెంత?”

“నడుం పట్టేసిందమ్మా.”

“కడుపు కోయించుకున్నది అదైతే నీకు నడుమెందుకు పట్టిందిరా?”

అతను లేచాడు. తలుపు చట్రం పట్టుకుని ఒక్క క్షణం నిలబడి ఆమెవైపు చూశాడు. ఆ చూపులో ఏదో అడుగుతున్నాడు గానీ, నోటితో అడగడం అతనికి చేతకాదు. పోనీ మొయ్యనీ అనుకుంది ఆమె. వరదలా పోతున్న రోజుల్లో ఆ బండ రెండుసార్లు తను మోసింది. ఎవరూ వద్దనలేదు. అతను మెట్టు దిగుతున్న చప్పుడయింది. ఇంకో మెట్టు. ఇప్పుడు తను ఊరుకుంటే అతను నొప్పితో కూలబడతాడు, ఏదో ఒక అబద్ధం చెప్పుకుంటాడు. లేదూ, తనే లేచి మోసుకొస్తే, కుట్లు విప్పుకుంటావా అని అత్తగారు గుండెలు బాదుకుంటుంది. ఎటు పోయినా లేని కుట్లు తన పొట్ట మీదే ఉంటాయి, తోడికోడలి మీద ఉన్నట్టు, చచ్చేదాకా.

ఆమె లేచి చెప్పులేసుకుంది. మెట్ల మీదికెళ్ళి అతని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, తను పడుకున్న మంచం మీదే కూర్చోబెట్టింది.

“అత్తయ్యా, నాకేం చెయ్యలేదు. ఆపరేషన్ ఈయనకి. వారం దాకా బరువులెత్తకూడదు. బండ నేను తెస్తాను.”

“నోరు ముయ్యి” అన్నాడు అతను, గొంతులోనే. ఆ మాటకు బలం లేదు.

అత్తగారు ఆమెను చూసింది. కొడుకును చూసింది. అతను గ్లాసు పగలగొట్టిన పిల్లాడిలా నేలచూపులు చూస్తున్నాడు. ఇంక మొదలవుతుంది, వాడకట్టంతా వినిపిస్తుంది అనుకుని ఆమె గుమ్మంలోనే నిలబడింది, పారిపోకూడదని. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నెమ్మదిగా వంగి, కొడుకు పక్కన కూర్చుంది.

“ముగ్గురు పుట్టాక, ఇంక నావల్ల కాదని మీ మామయ్యతో చెబుదామనే అనుకున్నానమ్మా. నోరు పెగల్లేదు” అంది కోడలితో. “పెగిలుంటే వీడు లేడు.”

బల్ల మీది పాలగ్లాసు తీసి కొడుకు చేతిలో పెట్టింది.

“తాగు. చల్లారిపోతోంది.”